పాత కరెంటు ఇస్త్రీ పెట్టెలు, టోస్టర్లు, కెటిల్స్, హీటర్లు దాచుకునేవాళ్ళ కోసం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత రేడియోలు, కెమెరాలు, గడియారాలు కలెక్ట్ చేసేవాళ్ళు మన దగ్గర బాగానే ఉన్నారు గానీ పాత ఇస్త్రీ పెట్టె, కాయిల్ పొయ్యి, టోస్టర్ లాంటివి మాత్రం ఇల్లు సర్దినప్పుడల్లా పాత సామాన్లవాడి తక్కెడలోకి వెళ్ళిపోతాయి, అక్కడి నుంచి కరిగించే కొలిమిలోకి. వీటిని దాచుకుందాం అనుకునేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేవి ఇక్కడ పెట్టాను. అన్నీ చదివే టైం లేకపోతే రెండో ప్రశ్న ఒక్కటి చదవండి చాలు, అది ప్రాణానికి సంబంధించింది.

అసలు ఈ కలెక్షన్లోకి ఏమేం వస్తాయి?

లోపల తీగ వేడెక్కి పని చేసే చిన్న ఇంటి సామాను ఏదైనా వస్తుంది. ఇస్త్రీ పెట్టె, టోస్టర్, కెటిల్, కాయిల్ పొయ్యి, హాట్ ప్లేట్, నీళ్ళు కాచే రాడ్డు, రాగి గిన్నె ఆకారంలో ఉండే రూమ్ హీటర్, పిడి మడిచే ట్రావెల్ ఇస్త్రీ పెట్టె, గుడ్లు ఉడకబెట్టేది, జుట్టు రింగులు తిప్పేది. ఫ్యాన్లు, మిక్సీలు ఇందులోకి రావు, వాటిది మోటారు లోకం.

వీటన్నిటికీ ప్రాణం నైక్రోమ్ తీగ. 80 పాళ్ళు నికెల్, 20 పాళ్ళు క్రోమియం కలిపి చేసిన ఈ తీగకి అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు వాడిన తీగలు గాలిలో ఎర్రగా కాలితే కొన్నాళ్ళకే తెగిపోయేవి. దీనికేమో వేడెక్కగానే పైన సన్నటి క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది, అందుకే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఇస్త్రీ పెట్టె కథ ఇంకా పాతది, న్యూయార్క్ లో హెన్రీ సీలీ 1882లోనే పేటెంట్ తీసుకున్నాడు, కానీ అప్పుడు ఎన్ని ఇళ్ళకి కరెంటు ఉంది? ఉన్నచోట కూడా చాలా కంపెనీలు చీకటిపడ్డాక దీపాలకి మాత్రమే సప్లై ఇచ్చేవి. కాలిఫోర్నియాలో ఆంటారియో అనే ఊళ్ళో కరెంటు కంపెనీలో పనిచేసే ఎర్ల్ రిచర్డ్‌సన్, ఆడవాళ్ళు బట్టలు ఇస్త్రీ చేసుకునే మంగళవారం నాడు పగలు కూడా కరెంటు ఇవ్వమని తన కంపెనీని ఒప్పించాడు. ఆయన తయారుచేసిన ఇస్త్రీ పెట్టెకి మొన దగ్గర కూడా బాగా వేడెక్కడం వల్ల హాట్‌పాయింట్ అని పేరు వచ్చింది, తర్వాత అదే పెద్ద బ్రాండ్ అయింది. నాకు ఈ కథ ఎందుకు ఇష్టమంటే వస్తువు ముందు పుట్టి దాని కోసం పగటి కరెంటు తర్వాత వచ్చింది.

ఎంత పాతదైతే వింటేజ్ అంటారు అని కూడా అడుగుతారు. గట్టి రూలు ఏం లేదు. మన ఇళ్ళల్లో అయితే 1980ల ముందుది ఏదైనా దాచుకోదగిందే అని నా అభిప్రాయం, ఎందుకంటే మరలు విప్పి లోపల ఏముందో చూసి బాగుచేసుకునే రకం దాదాపు అక్కడితో తగ్గిపోయింది.

మా తాతగారి ఇస్త్రీ పెట్టె అటక మీద దొరికింది. ప్లగ్ పెట్టి పని చేస్తుందో లేదో చూడొచ్చా?

వద్దు. దయచేసి వద్దు. "ఒక్కసారి పెట్టి తీసేస్తా" అని కూడా వద్దు. ముప్ఫై ఏళ్ళు అటక మీద ఉన్న వస్తువులో వైరు రబ్బరు ఎండి పెళుసుబారి ఉంటుంది, లోపల ఎలుకలు కొరికి ఉండొచ్చు, ఎలిమెంట్ (వేడెక్కే తీగ) బాడీకి తగులుతూ ఉండొచ్చు, దానికితోడు అప్పట్లో చాలా ఇళ్ళల్లో రెండు పిన్నుల ప్లగ్గే, అంటే ఎర్త్ లేదు, బాడీకి కరెంటు వస్తే అది మీ చేతిలోంచే నేలలోకి పోతుంది.

ముందు కళ్ళతో చూడాలి. వైరుని మెల్లగా వంచితే పొడి రాలుతుందా, ప్లగ్ దగ్గర నల్లగా కాలిన గుర్తు ఉందా, కనెక్టర్ పింగాణీ పగిలిందా, ఊపితే లోపల ఏమైనా గలగలమంటుందా. తర్వాత మల్టీమీటర్. ప్లగ్ ఎక్కడా పెట్టకుండా రెండు పిన్నుల మధ్య ఓమ్స్, అంటే రెసిస్టెన్స్, చూడండి. లెక్క చాలా తేలిక, 230 ని 230 తో గుణించి వాట్లతో భాగించడమే. 750 వాట్ల ఇస్త్రీ పెట్టెకి దాదాపు 70 ఓమ్స్ రావాలి, 1000 వాట్లకి 53, 450 వాట్లకి 118 దగ్గర. నైక్రోమ్ కి ఒక మంచి గుణం ఉంది, చల్లగా ఉన్నప్పుడూ కాలినప్పుడూ రెసిస్టెన్స్ పెద్దగా మారదు, కాబట్టి చల్లగా కొలిచిన అంకెనే నమ్మొచ్చు. అసలు ఏ రీడింగూ రాకపోతే ఎలిమెంట్ తెగింది, లేదా వైరు తెగింది, లేదా రెగ్యులేటర్ ఆఫ్ లో ఉంది (ఇది చూసుకోకుండా ఎలిమెంట్ పోయిందని పారేసేవాళ్ళు చాలామంది).

ఆ తర్వాత అసలు ముఖ్యమైనది, పిన్నుకీ బాడీకీ మధ్య. ఇక్కడ మామూలు మల్టీమీటర్ సరిపోదు, ఎందుకంటే అది చిన్న బ్యాటరీ ఓల్టేజీతో కొలుస్తుంది, 230 వోల్టులు పడ్డప్పుడు మాత్రమే బయటపడే లీకేజీ దానికి కనపడదు. 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ ఓల్టేజీ పెట్టి లీకేజీ ఉందో లేదో చూసే మీటర్) ఉన్న ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్ళండి. కొన్ని మెగోమ్స్ (ఒక మెగోమ్ అంటే పది లక్షల ఓమ్స్) వస్తే ముందుకు వెళ్ళొచ్చు, ఒక్క మెగోమ్ కూడా రాకపోతే ఆగిపోవాలి, విప్పి ఆరబెట్టి మళ్ళీ కొలవాలి.

ఇవన్నీ పాసయ్యాక, వైరు కొత్తది మూడు పోగులది వేసి, బాడీకి ఎర్త్ కలిపి, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (లీకేజీ కనపడగానే కరెంటు ఆపేసే స్విచ్) ఉన్న లైన్ మీద సిరీస్ బోర్డుతో మొదటిసారి కరెంటు ఇవ్వండి. ఇంట్లో ఆర్‌సీసీబీ లేకపోతే ఈ హాబీ మొదలుపెట్టకముందే అది పెట్టించుకోండి, మొదటి కలెక్షన్ వస్తువు అదే అనుకోండి.

సిరీస్ బోర్డు అంటే?

రిపేరు కొట్లో గోడకి వేలాడే బల్బు చూసే ఉంటారు. పాత రకం 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఒకటి, దానితో వరసగా ఒక సాకెట్. మీ వస్తువు ఆ సాకెట్లో పెడితే కరెంటు బల్బు గుండా పోయాకే దానికి అందుతుంది. 750 వాట్ల ఇస్త్రీ పెట్టె బాగున్నదైతే బల్బు దాదాపు పూర్తిగా వెలుగుతుంది, పెట్టెకి మాత్రం దాదాపు పది వాట్లే అందుతాయి, గోరువెచ్చగా అవుతుంది అంతే. బల్బు అసలు వెలగకపోతే ఎక్కడో తెగింది. లోపల షార్ట్ ఉన్నా కూడా బల్బు వెలుగుతుంది తప్ప ఫ్యూజు పోదు, నిప్పురవ్వలు రావు, అదే దీని ఉపయోగం. అయితే ఇస్త్రీ పెట్టె బాగున్నప్పటి వెలుగుకీ షార్ట్ వెలుగుకీ తేడా కంటికి సరిగ్గా తెలియదు, అందుకే ముందు ఓమ్స్ చూసుకోమన్నాను. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. చిన్న లీకేజీని ఈ బల్బు చూపించలేదు, దానికి మెగ్గరే. బల్బు డిమ్ముగా ఉంది కదా అని వస్తువుని ముట్టుకోవద్దు, సిరీస్ లో ఉన్నా షాక్ షాకే.

ఎక్కడ దొరుకుతాయి?

మొదట మీ చుట్టాల ఇళ్ళల్లో. అటకలు, మెట్ల కింద గది, పెరట్లో సామాన్ల కొట్టు. అడగాలి అంతే, "మీ దగ్గర పాత కరెంటు పొయ్యి ఏమైనా ఉందా పెద్దమ్మా" అంటే నవ్వి ఊరికే ఇచ్చేస్తారు, డబ్బులు ఇస్తానన్నా తీసుకోరు.

హైదరాబాద్ లో అయితే ఎర్రగడ్డ ఆదివారం సంత, గురువారం జుమేరాత్ బజార్. పొద్దున్నే వెళ్ళాలి. ముంబైలో చోర్ బజార్ మటన్ స్ట్రీట్ చూడ్డానికి బాగుంటుంది గానీ అక్కడ వాళ్ళకి ధర తెలుసు. చెన్నైలో పాత మూర్ మార్కెట్ గురించి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు, అది 1985లో కాలిపోయింది. రైల్వే కాలనీలున్న ఊళ్ళు, లాలాగూడ, కాజీపేట, గుంతకల్లు, వాల్తేరు లాంటివి, వదలకండి. అక్కడి ఆంగ్లో ఇండియన్ కుటుంబాల ఇళ్ళల్లో టోస్టర్, కెటిల్ మనకంటే చాలా ముందే వచ్చాయి, మన ఇళ్ళల్లో టోస్టర్ తో పనేముంది అప్పుడు, ఇడ్లీ పాత్రకి కుంపటి చాలు.

అన్నిటికంటే ముఖ్యం మీ వీధి పాత సామాన్లవాళ్ళతో, గుజిరీ కొట్టువాళ్ళతో పరిచయం. వాళ్ళు చేసే మొదటి పని కత్తిరించడం, వైరు కోసి రాగి వేరు, విప్పి ఇత్తడి వేరు, ఇనుము వేరు. "కరెంటుది పాతది ఏదొచ్చినా కొయ్యకుండా పక్కన పెట్టు భాయ్, తూకం రేటు కంటే ఎక్కువ ఇస్తా" అని నంబర్ ఇచ్చి రండి, ఇచ్చిన మాట ప్రకారం నిజంగా ఎక్కువే ఇవ్వండి, అక్కరలేని వస్తువు తెచ్చినా ఒకటి రెండుసార్లు కొనండి. అలా చేస్తేనే మళ్ళీ పిలుస్తారు.

ఎప్పటిదో ఎలా తెలుసుకోవడం? దాని మీద సంవత్సరం ఎక్కడా లేదు.

చాలావాటి మీద ఉండదు. కానీ పేరు రేకు, డబ్బా, లోపలి కాగితం, ఈ మూడూ బోలెడు చెప్తాయి, అందుకే డబ్బా పారెయ్యొద్దు అని నేను అందరికీ మొత్తుకునేది.

డబ్బా మీద ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ కి ముందుది. నయా పైసలు అని ఉంటే 1957 నుంచి 1964 మధ్య. కంపెనీ అడ్రసులో "బొంబాయి 1", "మద్రాస్ 2" అని చిన్న అంకె ఉంటే చాలావరకు 1972కి ముందుది, ఎందుకంటే ఆరంకెల పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది, ఆ తర్వాత కొన్నాళ్ళు పాత రేకులు వాడి ఉండొచ్చు అనుకోండి. ఐఎస్ఐ మార్కు ఉంటే 1950ల మధ్య తర్వాతది. ఆ మార్కు పైన ఉండే నంబర్ కూడా చూడండి, ఇస్త్రీ పెట్టెకి ఐఎస్ 366, కెటిల్ కి 367, నీళ్ళ రాడ్డుకి 368. వస్తువు ఒకటి, నంబర్ ఇంకొకటి ఉంటే రేకు ఎక్కడినుంచో తెచ్చి అతికించారని అర్థం.

విదేశీ సామానుకి "మేడ్ ఇన్ వెస్ట్ జర్మనీ" అంటే 1949 నుంచి 1990 మధ్య. "ఆక్యుపైడ్ జపాన్" అని ఉంటే యుద్ధం అయ్యాక అమెరికా సైన్యం అక్కడున్న రోజులు, 1952 వరకు.

పూత రంగు ఇంకో ఆధారం. నికెల్ పూత కొంచెం పసుపు ఛాయలో వెచ్చగా కనపడుతుంది, క్రోమ్ నీలం ఛాయలో అద్దంలా ఉంటుంది. ఇంటి సామాను మీద క్రోమ్ పూత 1920ల చివర నుంచే బాగా వచ్చింది, కాబట్టి నికెల్ పూత ఉన్న టోస్టర్ దొరికితే కాస్త జాగ్రత్తగా చూడండి, అది మీరనుకున్న దానికంటే పాతది కావచ్చు.

రేకు మీద "ఏసీ ఓన్లీ" అనో "ఏసీ/డీసీ" అనో ఉండటం చాలామంది పట్టించుకోరు. కలకత్తా లాంటి ఊళ్ళల్లో డీసీ సప్లై చాలాకాలం నడిచింది. ఉత్త తీగ ఉన్న వస్తువుకి ఏసీ అయినా డీసీ అయినా ఒకటే, వేడెక్కుతుంది. థర్మోస్టాట్ (వేడి చాలాక కరెంటు దానంతట అదే ఆపే స్విచ్) ఉంటే మాత్రం తేడా, ఏసీ సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి కాంటాక్ట్ విడిపోగానే రవ్వ ఆరిపోతుంది, డీసీలో ఆరదు, కాంటాక్టులు కాలిపోతాయి. అందుకే "ఏసీ ఓన్లీ" అని కనపడితే లోపల ఆటోమేటిక్ ఏదో ఉందని ఊహించొచ్చు.

ఏ కంపెనీవి కొనాలి?

కంపెనీ పేరు చూసి కొనేవాళ్ళకి ఫిలిప్స్, జీఈసీ, మర్ఫీ రిచర్డ్స్, బజాజ్ ఇవి తేలిగ్గా దొరుకుతాయి, గుర్తుపట్టడమూ తేలిక. మర్ఫీ రిచర్డ్స్ ఇంగ్లండ్ లో కెంట్ లో 1936లో డోనల్ మర్ఫీ, చార్లెస్ రిచర్డ్స్ అనే ఇద్దరు పెట్టింది. బజాజ్ ఎలక్ట్రికల్స్ 1938లో రేడియో ల్యాంప్ వర్క్స్ అనే పేరుతో మొదలైంది, 1960లో ఇప్పటి పేరు వచ్చింది, కాబట్టి రేకు మీద బజాజ్ ఎలక్ట్రికల్స్ అని పూర్తి పేరు ఉంటే ఆ తర్వాతదే.

నా మనసు మాత్రం పేరు తెలియని చిన్న వర్క్‌షాపుల వస్తువుల మీదే. చేత్తో అచ్చు గుద్దిన రేకు, రెండు మూడు కేజీల పోత ఇనుము, చెక్క పిడి. పెద్ద కంపెనీలవి ఎవరో ఒకరు దాస్తారు, వాటికి క్యాటలాగులు ఉన్నాయి, ప్రకటనలు ఉన్నాయి. వీటికి ఆ వస్తువు తప్ప ఇంకో ఆధారం ఉండదు, అది కరిగితే అంతా పోయినట్టే. రెండూ ఒకే రేటుకి దొరికితే పేరు లేనిదే తీసుకోండి.

లోపల మెరిసే రేకుల్లాంటివి ఉన్నాయి, అవేంటి? మారిస్తే పర్లేదా?

అవి అభ్రకం, మనం కాకిబంగారం అంటామే అదే. కరెంటుని ఆపుతుంది, వేడికి తట్టుకుంటుంది, కాగితంలా పొరలు పొరలుగా విడుస్తుంది, ఈ మూడు గుణాలూ ఒకేచోట ఉన్నది ఇంకోటి అప్పట్లో లేదు. ఇస్త్రీ పెట్టెలో, టోస్టర్లో నైక్రోమ్ పట్టీని అభ్రకం రేకు మీద చుట్టి, పైనా కిందా ఇంకో రేకు పెట్టి బిగిస్తారు.

ఇక్కడ మనవాళ్ళు గర్వపడే సంగతి ఉంది. పాత నెల్లూరు జిల్లా గూడూరు, సైదాపురం, రాపూరు వైపు గనుల అభ్రకం ఆకుపచ్చ ఛాయతో ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది, బ్రిటిష్ కాలంలోనే ఓడలెక్కి పోయింది. ఇండియా అభ్రకం లేకుండా ఆ రోజుల్లో ఇంగ్లండ్, అమెరికా కరెంటు పరిశ్రమకి జరిగేది కాదు, అందులో అప్పటి బీహార్, ఇప్పటి జార్ఖండ్ లోని కోడర్మాది పెద్ద వాటా అయితే మన నెల్లూరుది కూడా మంచి వాటా. ఏ పాత విదేశీ టోస్టర్ విప్పినా ఆ రేకు ఏ గనిదో చెప్పలేం, కానీ విప్పినప్పుడల్లా నాకు సైదాపురం దారి పక్కన ఎండలో మెరిసే మట్టే గుర్తొస్తుంది.

అభ్రకం ఎలిమెంట్లు తెగితే కొత్తవి దొరుకుతాయి, పాత తరహా ఇస్త్రీ పెట్టెలకి ఇప్పటికీ ఎలక్ట్రికల్ కొట్లలో అమ్ముతారు. తెగిన పాతది కవర్లో పెట్టి అదే పెట్టెతో ఉంచండి. అభ్రకం ఒట్టి చేత్తో తోమొద్దు, పొరలు రాలిపోతాయి, మెత్తటి బ్రష్ చాలు.

తెల్లగా పీచులా ఉన్న అట్ట కూడా ఉంది?

అక్కడ ఆగండి. అది ఆస్‌బెస్టాస్, రాతినార, అయ్యుండొచ్చు. పాత ఇస్త్రీ పెట్టెల్లో ఎలిమెంట్ మీద అట్టలా, పాత వైర్ల లోపల దారంలా, హాట్ ప్లేట్ల అడుగున వాడేవాళ్ళు. దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి, కొన్ని దశాబ్దాల తర్వాత బయటపడతాయి. అట్ట గట్టిగా ఉంటే కదపకుండా మూసెయ్యండి. పొడి రాలుతుంటే ఊదడం, చీపురుతో ఊడవడం, వ్యాక్యూమ్ పెట్టడం, గీకడం ఏదీ వద్దు, నీళ్ళు చిలకరించి తడిపి, సరైన మాస్కు పెట్టుకుని, తడిగానే రెండు కవర్లలో మూసేసి పిల్లలకి అందకుండా పెట్టాలి. అలాంటి వస్తువుకి కరెంటు ఇచ్చే ఆలోచన మానెయ్యండి, బయట నుంచి చూసుకోవడానికి ఉంచుకోండి. ఆకుపచ్చ, గోధుమ రంగు గుడ్డ చుట్టిన పాత వైరు కోసి చూడొద్దు కూడా.

అమెరికాలో ఉంటున్నా, ఇక్కడ పాత టోస్టర్లు భలే దొరుకుతున్నాయి. ఇండియా తీసుకెళ్తే పనిచేస్తాయా?

అక్కడి థ్రిఫ్ట్ స్టోర్లు, గరాజ్ సేల్స్, ఎస్టేట్ సేల్స్ ఈ హాబీకి స్వర్గం, అక్కడున్న మనవాళ్ళు తప్పకుండా చూడాలి. కానీ అక్కడిది 120 వోల్టులు, మనది 230. వోల్టేజీ దాదాపు రెట్టింపు కదా, వేడి కూడా రెట్టింపు అనుకుంటారు, కాదు, దాదాపు మూడున్నర రెట్లు దాటుతుంది. 1000 వాట్ల టోస్టర్ మన ప్లగ్గులో పెడితే 3600 పైన వాట్లు లాగుతుంది, సెకన్లలో తీగ తెల్లగా కాలి తెగిపోతుంది. పిన్ను మార్చే చిన్న అడాప్టర్ వోల్టేజీ మార్చదు, చాలా టోస్టర్లు చచ్చేది ఈ అడాప్టర్ వల్లే. 1500 లేదా 2000 వాట్ల అసలైన స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, బరువు బాగానే ఉంటుంది. లోపల గడియారం మోటారుతో నడిచే టైమర్ ఉంటే అది 60 హెర్ట్జ్ కి చేసినది కాబట్టి ఇక్కడ 50 మీద నెమ్మదిగా తిరుగుతుంది.

ఏది తీసుకురమ్మంటారు అంటే నా ఓటు సన్‌బీమ్ టీ-20 కి. 1949లో వచ్చింది. బ్రెడ్డు వేస్తే చాలు, మీట నొక్కక్కర్లేదు, దానంతట అదే మెల్లగా కిందికి దిగుతుంది, కాలాక అదే చప్పుడు లేకుండా పైకొస్తుంది. మోటారు లేదు, ఎలక్ట్రానిక్స్ లేదు. వేడెక్కిన తీగ సాగడాన్నే వాడుకుని ఆ కదలిక పుట్టించారు, బ్రెడ్డు ఎంత కాలిందో దాని నుంచి వచ్చే వేడిని బట్టి ఒక ద్విలోహ పట్టీ (రెండు లోహాలు అతికించి చేసిన, వేడికి వంగే పట్టీ) కనిపెడుతుంది. ఇప్పటి టోస్టర్లు నిమిషాలు లెక్కపెడతాయి, అది బ్రెడ్డునే చూస్తుంది. ఇన్నేళ్ళ తర్వాత విప్పి చూసినా ఆ ఇంజనీర్ల మీద గౌరవం పెరుగుతుందే గానీ తగ్గదు.

ఇంకా పేరున్నవి ఏవి? కనీసం ఫోటోల్లో అయినా చూస్తాం.

జనరల్ ఎలక్ట్రిక్ డీ-12 టోస్టర్, 1909, పింగాణీ అడుగు మీద ఉత్త తీగలు నిలబడి ఉంటాయి, ఒకవైపు కాలాక మనమే తిప్పి పెట్టాలి. అదే సంవత్సరం జర్మనీలో ఏఈజీ కంపెనీ కోసం పీటర్ బెరెన్స్ డిజైన్ చేసిన కెటిల్స్, పేము చుట్టిన పిడితో, మూడు ఆకారాల్లో, రకరకాల పూతల్లో, భాగాలు మాత్రం ఒకదానివి ఇంకోదానికి సరిపోయేలా. అవి ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి. దానంతట అదే బ్రెడ్డు పైకి తోసే టోస్టర్ చార్లెస్ స్ట్రైట్ ది, పేటెంట్ 1921, ఇళ్ళకి టోస్ట్‌మాస్టర్ పేరుతో 1926లో వచ్చింది. ఇంగ్లండ్ లో రసెల్ హాబ్స్ కే1 కెటిల్, 1955, నీళ్ళు మరగగానే ఆవిరి ఒక రంధ్రంలోంచి వెళ్ళి ద్విలోహ పట్టీకి తగిలి స్విచ్ ఆపేస్తుంది. ఈ రోజు మీ వంటింట్లో టక్కున ఆగే కెటిల్ కూడా ఆ ఆవిరి దారే వాడుతోంది.

కాయిల్ పొయ్యి కూడా దాచుకోవాలా? అది అంత అందంగా ఏముంది?

తప్పకుండా దాచుకోవాలి, నన్నడిగితే మన దగ్గర అన్నిటికంటే ముందు. మట్టి పలక, దాని గాడిలో సర్పిలంగా తీగ, చుట్టూ రేకు. బ్యాచిలర్ రూముల్లో, హాస్టళ్ళలో వార్డెన్ కి కనపడకుండా మంచం కింద, సింగరేణి క్వార్టర్లలో వంటింట్లో, ఎన్ని వేల మంది అన్నం వండుకున్నారో దీనిమీద. ఇంత మంది బతుకులో ఉన్న వస్తువు ఒక్కటి కూడా సరిగ్గా దాచినది కనపడదు.

దాచుకోండి, వెలిగించొద్దు. తీగ మొత్తం బయటే ఉంటుంది, పాలు పొంగితే తడి తీగకి తగిలి గిన్నెకి కరెంటు వస్తుంది, స్టీలు గరిటె తగిలినా అంతే. ఇంకో సంగతి, కాయిల్ తెగినప్పుడల్లా తెగినచోట ముక్క తుంచి, సాగదీసి, మెలేసి మళ్ళీ వాడేవాళ్ళు. ముక్క పోయినప్పుడల్లా తీగ పొట్టి అవుతుంది, రెసిస్టెన్స్ తగ్గుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, ఇంకా ఎర్రగా కాలుతుంది, ఇంకా తొందరగా తెగుతుంది. ముడులున్న కాయిల్ దొరికితే మార్చొద్దు, ఆ ముడులే ఆ ఇంటి లెక్క. వాడిన నైక్రోమ్ పెళుసుగా ఉంటుంది, వంచి సరిచెయ్యబోతే విరుగుతుంది.

వైరు మార్చేస్తే ఒరిజినల్ పోయినట్టే కదా?

షోకేసులో పెట్టేదైతే పాత వైరు ఉంచండి, ప్లగ్ పిన్నులకి టేపు చుట్టి చీటీ పెట్టండి, ఎవరో తెలియక పెట్టేస్తారు. కరెంటు ఇచ్చేదైతే మార్చాల్సిందే, పాతది కవర్లో. ఇస్త్రీ పెట్టెకి గుడ్డ అల్లిన మూడు పోగుల వైరే వెయ్యండి, ఇప్పటికీ కొట్లో మీటర్ల లెక్కన ఇస్తారు, మామూలు ప్లాస్టిక్ వైరు వేడి అడుగుకి తగిలితే కరిగిపోతుంది.

ఎలా శుభ్రం చెయ్యాలి?

తక్కువగా. క్రోమ్ మీద తుప్పు మచ్చలకి అల్యూమినియం ఫాయిల్ నలిపి నీళ్ళలో ముంచి మెల్లగా రుద్దితే పోతాయి, స్టీలు పీచు మాత్రం వద్దు. నికెల్ పూత ఇంకా పలచన, మెత్తటి గుడ్డతో ఆపెయ్యండి. ఇత్తడి, రాగికి చింతపండు బాగానే పనిచేస్తుంది గానీ వెంటనే కడిగి తుడవాలి, లోపల ఎలిమెంట్ ఉన్నచోటికి ఒక్క చుక్క పోకూడదు. అసలు మెరిపించాలా వద్దా అనేది మీ ఇష్టం, నేను పిడి దగ్గర చేతి వాడుకకి వచ్చిన నునుపు ముట్టుకోను. పేరు రేకు మీద పాలిష్ పెట్టొద్దు, అక్షరాల్లో రంగు పోతే మళ్ళీ రాదు.

కెటిల్ లో గట్టిపడ్డ బోరు నీళ్ళ తెల్లపొరకి నిమ్మ ఉప్పు వేసిన వేడినీళ్ళు పోసి గంటసేపు ఉంచితే చాలు. రాగి, ఇత్తడి కెటిల్ లోపల కళాయి చెదిరిపోయి ఉంటే అందులో నీళ్ళు తాగొద్దు, పాత అతుకుల్లో సీసం ఉండొచ్చు. కళాయి వేసేవాళ్ళు దొరికితే పూత వేయించినా సరే, ఆ అతుకుల వల్ల నేను తాగే నీళ్ళకి వాడను.

రోజూ వాడుకోవచ్చా?

ఎర్త్ ఉన్న, మెగ్గర్ పాసైన బరువు ఇస్త్రీ పెట్టె వాడుకోవచ్చు, కాటన్ చీరలకి దాని బరువే అందం, పక్కన మనిషి ఉన్నంతసేపే. మామూలు రకానికి రెగ్యులేటర్ ఉండదు, దానంతట అది ఆగదు. టోస్టర్ లో ఇరుక్కున్న బ్రెడ్డుని చాకుతో తీయబోకండి, పాతవాటిలో స్విచ్ ఒక తీగనే ఆపుతుంది, రెండు పిన్నుల ప్లగ్ తిరగేసి పెడితే ఆపినా కూడా లోపల తీగలో ఫేజు ఉంటుంది. నీళ్ళ రాడ్లు, కాయిల్ పొయ్యిలు, తీగ బయటకి కనపడే గిన్నె హీటర్లు వాడకానికి వద్దు.

ధర ఎంత పెట్టొచ్చు? తర్వాత అమ్మితే లాభం వస్తుందా?

లాభం కోసం అయితే ఇందులోకి రాకండి. తూకం ధర మీద కొంచెం ఎక్కువ, డబ్బా, కాగితాలు ఉంటే ఇంకాస్త.

వానాకాలంలో ఎలా దాచాలి?

ప్లాస్టిక్ కవర్లో గట్టిగా కట్టేస్తే లోపలి తడి బయటకి పోదు, తుప్పు పడుతుంది. పాత నూలు చీర ముక్కలో చుట్టి, గాలి ఆడే అల్మారాలో నేలకి ఎత్తుగా పెట్టండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళల్లో ఇత్తడి, క్రోమ్ రెండూ తొందరగా పాడవుతాయి, సిలికా జెల్ పొట్లాలు పెట్టి మధ్యమధ్యలో మారుస్తూ ఉండాలి. వైరుని పెట్టె చుట్టూ బిగించి చుట్టొద్దు, పెద్ద రింగుగా వదులుగా ఉంచండి.

రాడ్డు రకం ఎలిమెంట్లలో గొట్టం లోపల మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటుంది, అది గాలిలో తడిని పీలుస్తుంది. వానాకాలం తర్వాత మెగ్గర్ రీడింగ్ పడిపోతే చాలాసార్లు కారణం ఇదే, ఎలిమెంట్ పోలేదు. విప్పి, ఓవెన్ లో వంద డిగ్రీల పైన కొన్ని గంటలు ఆరబెట్టి, చల్లారాక మళ్ళీ కొలవండి, పెరిగితే బతికినట్టే.

చీటీ మీద ఏం రాసిపెట్టాలి?

ఎవరి ఇంట్లోది, ఏ ఊరు, ఎవరు వాడారు, ఎప్పుడు కొన్నారని వాళ్ళు చెప్పారు, మీకు ఎప్పుడు వచ్చింది, ఓమ్స్ ఎంత, మెగ్గర్ ఎంత, మీరు ఏ భాగం మార్చారు. ఇచ్చినవాళ్ళు పెద్దవాళ్ళయితే అప్పుడే కూర్చుని అడిగి రాసుకోండి, ఫోన్లో రికార్డ్ చేసుకున్నా సరే, వాళ్ళని అడిగే అవకాశం ఎల్లకాలం ఉండదు.

రిపేరు చేసేవాళ్ళు దొరకడం లేదు?

మిక్సీ, ఇస్త్రీ పెట్టె రిపేరు కొట్లలో వయసు మళ్ళినవాళ్ళని వెతకండి, కోఠీ, సికింద్రాబాద్, విజయవాడ వన్‌టౌన్ లాంటి పాత బజార్ల సందుల్లో ఇంకా ఉన్నారు. పని ఇస్తూ పక్కన కూర్చుని చూడండి, వాళ్ళు ఎలిమెంట్ బిగించేటప్పుడు ఏ మర ముందు తిప్పుతారో, ఎంత బిగిస్తారో, అది వేరేచోట నేర్చుకోలేం. కొట్టు మూసేస్తున్నారని తెలిస్తే డబ్బాల్లో మిగిలిపోయిన పింగాణీ కనెక్టర్లు, అభ్రకం ఎలిమెంట్లు, పైలట్ బల్బులు (కరెంటు ఉందని చూపే చిన్న బల్బులు) అడిగి మొత్తం తెచ్చుకోండి, మీకు పనికిరాకపోయినా ఇంకో ఊళ్ళో ఎవరో వాటి కోసమే వెతుకుతుంటారు.